ఈ జర్మన్ గద్ద బొమ్మ నిజంగా 1942 నాటిదేనా?

పాతసామాన్లపిచ్చి:
జర్మనీలో ఒక వేలంలో టేబుల్ మీద పెట్టుకునే బొమ్మ ఒకటి చూశాను. రెక్కలు విప్పిన గద్ద, కింద నల్లరాయి దిమ్మ, దానికో ఇత్తడి పలక, పలక మీద లుఫ్ట్‌వాఫె (నాజీ జర్మనీ వైమానిక దళం) స్క్వాడ్రన్ కెప్టెన్‌కి తోటివాళ్లు ఇచ్చినట్టు ఫ్రాక్టూర్ లిపిలో (కోణాలుండే పాత జర్మన్ అక్షరాలు) చెక్కి 1942 అని వేశారు. కంచు అంటున్నారు గానీ రెక్క చివర పూత లేచిన చోట బూడిదరంగు లోహం కనిపిస్తోంది. అమెరికన్ సైనికుడు ఇంటికి తెచ్చుకున్నాడని ఒక కాగితం కూడా ఉందట. అడిగేది 1,400 యూరోలు. కంచు కాదంటే నకిలీ అనే కదా?

పోతపని:
కాదు. అది జింక్ అయ్యుంటుంది. యుద్ధంలో రాగి, తగరం ఆయుధాలకే సరిపోయేవి కావు, 1940లో జనం ఇళ్లలోని ఇత్తడి, రాగి, కంచు సామాను కూడా సేకరించారు, కాబట్టి జింక్ పోత మీద కంచు రంగు వేయడం ఆ కాలానికి సహజమే. అలాగని సంబరపడొద్దు, చవక జింక్ బొమ్మలు 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, ఇదే గద్ద 1920ల నాటిదైనా కావచ్చు. దిమ్మ నుంచి విడదీసి గాలి చిక్కకుండా నీళ్లలో ముంచి తూచితే సాంద్రత జింక్‌కి 7 దగ్గర, కంచుకి 8.8 దగ్గర వస్తుంది. నాకు ఎక్కువ అనుమానం కొత్త పోత మీద. అసలు బొమ్మ నుంచి అచ్చు తీసి మళ్లీ పోస్తే లోహం చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది, ఎత్తు ఒక శాతం అటూ ఇటూ తగ్గుతుంది, ఈకల గీతలు మొద్దుబారతాయి. అసలుదని తేలిన బొమ్మ కొలతలు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి.

భూతద్దం_బాబాయ్:
బొమ్మ సంగతి తర్వాత, 1,400 యూరోలు అడుగుతున్నది ఆ పలకకి. మామూలు గద్దకి ఆఫీసర్ పేరు తగిలిస్తే ధర ఎక్కడికో పోతుంది, మోసం చేసేవాడికి అంతకంటే సులువైన పని లేదు. పలక మీద వాడకంతో పడ్డ పాత గీతలు అక్షరం గాడి అంచు మీదుగా సాగి అంచుని కూడా కొద్దిగా గీశాయా, లేక అక్షరమే గీతల్ని నీట్‌గా కోసుకుంటూ పోయిందా చూడండి. రెండోదైతే చెక్కింది తర్వాతే. గాడి అడుగున పాత పాలిష్, మురికి గట్టిపడి ఉండాలి. లేజర్‌తో చేస్తే అడుగున కాలిన గరుకు కనిపిస్తుంది. గాడి లోతు సమంగా ఉంటే నకిలీ అనేయకండి, చెక్కే మెషీన్లు అప్పుడూ ఉన్నాయి.

ఇంకోటి, 1941 జనవరిలోనే నాజీ పార్టీ ఫ్రాక్టూర్‌ని పక్కన పెట్టి మామూలు లాటిన్ అక్షరాలే వాడమంది. తర్వాతా అలవాటుగా వాడినవాళ్లున్నారు, అందుకని అదొక్కటే రుజువు కాదు. అయితే ఫ్రాక్టూర్‌లో రెండు రకాల ఎస్‌లుంటాయి, పొట్టిది మాట చివర, పొడుగుది మొదట్లో, మధ్యలో. కంప్యూటర్ ఫాంట్‌లో టైప్ చేసి చెక్కించేవాడికి ఇది గుర్తుండదు.

దిమ్మకింద:
అడుగు ఫొటో అడిగారా? కింద అంటించిన గుడ్డ గానీ కాగితం గానీ యూవీ లైట్‌లో నీలంగా మెరిస్తే అది యుద్ధం తర్వాతదని అనుమానించాలి. వస్తువు నమూనాని రిజిస్టర్ చేయించినట్టు జర్మనీలో వేసే ముద్రలుంటాయి, ఎక్కడైనా డి.బి.జి.ఎం. ముద్ర ఉంటే అది పశ్చిమ జర్మనీ కాలం నాటిది, డి.ఆర్.జి.ఎం. అయితే 1945కి ముందుది. సైనికుడి కాగితాన్ని నమ్ముకోవద్దు. అందులో ఇదే గద్ద అని వర్ణన ఉంటే తప్ప ఆ కాగితం ఏ వస్తువు పక్కనైనా పెట్టొచ్చు.

పాతసామాన్లపిచ్చి:
పలక ఫొటో పెద్దది పంపించారు. మొదటి మాట ‘ఉన్‌జెరెమ్’ (‘మా’ అని, ఆ ‘జె’ని జర్మన్‌లో ఎస్‌తో రాస్తారు), మధ్యలో పొట్టి ఎస్సే ఉంది! గాడి అడుగున మురికి కూడా పెద్దగా లేదు. దిమ్మ మీద గుర్తు ఉన్న చోట కేటలాగ్‌లో నల్లగా కప్పేశారు, అదేమిటి, ఏదైనా దాస్తున్నారా?

భూతద్దం_బాబాయ్:
దాచడం కాదు, జర్మన్ శిక్షాస్మృతి 86ఎ ప్రకారం స్వస్తిక లాంటి నాజీ గుర్తులు బహిరంగంగా చూపడం నేరం, చరిత్ర, పరిశోధన లాంటి అవసరాలకి మినహాయింపులున్నాయి, అందుకే వేలం వాళ్లు ఫొటోల్లో కప్పేస్తారు. పరిశీలనకని అడిగితే కప్పని ఫొటో విడిగా పంపిస్తారేమో చూడండి. ఎస్ మాత్రం నాకు అసలు నచ్చలేదు. అప్పటి చెక్కేవాడు పొరపాటు చేశాడని వాదించొచ్చు, ఆ వాదనకి నేనైతే 1,400 యూరోలు పెట్టను. పలక విప్పి కింద రాయిని ఫొటో తీసి పంపమనండి. రాయి రంగు పలక కిందా చుట్టూ ఒకేలా ఉంటే పలక ఈమధ్యే బిగించారని అనుమానించాలి, వాడని స్క్రూ రంధ్రాలు కనిపిస్తే ముందు అక్కడ ఏ ఆటల పోటీ బహుమతి పలకో ఉండి ఉండొచ్చు. విప్పం అంటే వదిలేయండి.