నాయనకు టాక్సీ ఉంది, చెల్లెలికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

చంద్రగిరి_కోటవీధి:

అందరికీ నమస్తే. మా చెల్లెలికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో తిరుపతి దగ్గరే ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ సీటు వచ్చింది, కన్వీనర్ కోటాలోనే. మేము బీసీ-డి, రైస్ కార్డు ఉంది, సెంటు భూమి లేదు. నాయన సొంత టాక్సీ నడుపుతాడు, స్టేషన్ నుంచి కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి ట్రిప్పులు. సీటు వచ్చిన సంతోషం తీరకముందే మా ఊరి సచివాలయంలో కనుక్కుంటే మీ ఇంటి డేటాలో నాలుగు చక్రాల బండి చూపిస్తోంది, ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా చూపిస్తోంది, ఫీజు రాదేమో చూసుకోండి అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

దీనికి తోడు మా మేనమామ ఒకాయన, ఇంకో పెద్ద కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాను, ఫస్టియర్ కడితే చాలు, రెండో ఏడాది నుంచి ఫీజు గవర్నమెంటే ఇస్తుంది అని నాయన చెవిలో జోరీగలాగా తిరుగుతున్నాడు. ఇటు సీటొచ్చిన కాలేజీలోనేమో "ప్రభుత్వం ఇవ్వకపోతే మేమే కడతాం" అని సంతకం పెట్టమంటున్నారు. అసలు ఫీజు వస్తుందా రాదా, రాకపోతే ఇంకేం దారులున్నాయి, తెలిసినవాళ్లు చెప్పండి.

స్కాలర్‌షిప్_సెక్షన్:

అక్కా, నేను కాలేజీలో ఈ పనే చూస్తాను, మీ కాలేజీ కాదులెండి. ముందు మీ మామ మాట పక్కన పెట్టండి. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. మొదటి ఏడాదీ లేదు, రెండో ఏడాదీ లేదు, మధ్యలో మారదు. చేరేటప్పుడు ఏ కోటాలో చేరారో చివరిదాకా అదే లెక్క. "కాలేజీ వాళ్లు చూసుకుంటారు" అనే మాట కాగితం మీద రాసివ్వమనండి, ఎవరూ రాసివ్వరు. కన్వీనర్ సీటు చేతిలో ఉంచుకుని దాన్ని వదులుకోవడం అంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది దీన్ని అప్లికేషన్ నింపితే వచ్చే స్కాలర్‌షిప్ అనుకుంటారు. అప్లికేషన్ చిన్న పని, కాలేజీలో చేరాక మేమే జ్ఞానభూమి అనే ప్రభుత్వ పోర్టల్‌లో పిల్లల వివరాలు ఎక్కిస్తాం. మీరు అర్హులా కాదా అనేది మీ ఇంటి డేటా చెబుతుంది. సచివాలయం దగ్గరున్న హౌస్‌హోల్డ్ డేటాను రవాణా శాఖ, రెవెన్యూ, ఇన్‌కమ్ ట్యాక్స్ వివరాలతో పోల్చి చూస్తారు, అక్కడ ఎర్రగా ఏదైనా కనిపిస్తే మేము ఇక్కడ ఎంత బాగా నింపినా ఆగిపోతుంది. కాబట్టి కాలేజీ చుట్టూ తిరగడం కంటే ముందు సచివాలయంలో పని తేల్చుకోవాలి.

2019లో నవశకం సర్వే అప్పుడు పెట్టిన నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 2.5 లక్షలు దాటకూడదు, మాగాణి అయితే పది ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి, ఇంట్లో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు, సొంత నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. ఈ చివరి దాంట్లో టాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది. మన తిరుపతిలో ఎన్ని వేల ఇళ్లు టాక్సీ మీద బతుకుతున్నాయో చూస్తే ఆ మినహాయింపు లేకపోతే సగం ఊరు మిగలదు. ఇంతకీ మీ నాయనది పసుపు బోర్డా, తెల్ల బోర్డా? తెల్ల బోర్డు మీద ట్రిప్పులు కొట్టే బళ్లు ఉన్నాయి, వాటిని సొంత కారు కిందే లెక్కేస్తారు, అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు. ఇన్‌కమ్ ట్యాక్స్ ఎందుకు చూపిస్తోందో కూడా చెప్పండి.

చంద్రగిరి_కోటవీధి:

పసుపు బోర్డే అన్నా, పర్మిట్ కూడా ఉంది. ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి ఇప్పుడే నాయనను అడిగా. కారు లోన్ కోసం ఫైనాన్స్ వాళ్లు రిటర్నులు కావాలంటే ఆడిటర్ దగ్గర వేయించాడంట. అందులో 4.8 లక్షలు రాశారంట. ట్యాక్స్ మాత్రం ఒక్క రూపాయి కట్టలేదంటున్నాడు. ఆదాయ ధ్రువపత్రం రూ. 1.5 లక్షలకు ఇచ్చారు. ఇప్పుడు ఏది చెల్లుతుంది?

స్కాలర్‌షిప్_సెక్షన్:

బండి సంగతి అయితే తేలిపోయినట్టే. ఆర్సీ, పర్మిట్ జిరాక్సులు తీసుకుని సచివాలయంలో గ్రీవెన్స్ పెట్టించండి, ఆర్సీలో మోటార్ క్యాబ్ అని ఉంటుంది, అది చూపిస్తే చాలు.

రిటర్ను దగ్గర కాస్త నిదానంగా చూడాలి. ట్యాక్స్ కట్టడం వేరు, రిటర్ను వేయడం వేరు. సున్నా ట్యాక్స్‌తో రిటర్ను వేసినవాళ్లు కూడా ట్యాక్స్ పేయర్ల లిస్టులో పడిపోయి ఆగిపోవడం మా దగ్గర ఏటా చూస్తున్నదే. దానికి రిటర్ను అక్నాలెడ్జ్‌మెంట్ కాపీ పెడితే, కట్టిన ట్యాక్స్ సున్నా అని అందులోనే ఉంటుంది కాబట్టి, సరిచేయించుకోవచ్చు.

కానీ ఆ 4.8 లక్షలు ఏ గడిలో ఉందో చూడండి. ట్రిప్పులకు వచ్చిన మొత్తం డబ్బు అయితే భయం లేదు. డీజిల్, రిపేర్లు, ఇన్సూరెన్సు పోగా మిగిలినదే ఆదాయం, అది 2.5 లక్షల లోపు ఉంటే మీరు నిలబడి మాట్లాడొచ్చు. అలా కాకుండా నికర ఆదాయమే 4.8 లక్షలు అని రాసి ఉంటే మాత్రం కష్టం, ఎందుకంటే అంత ఆదాయానికి రిబేటు వల్ల ట్యాక్స్ సున్నా పడుతుంది గానీ ఆదాయం 4.8 అని మీ నాయనే సంతకం పెట్టి ఇచ్చినట్టు అవుతుంది. లోన్ తొందరగా రావాలని ఆడిటర్లు ఉన్నదానికి లేనిది కలిపి రాస్తారు, ఆ అంకె ఇలా పిల్లల ఫీజు దగ్గర అడ్డం పడుతుందని ఆ రోజు ఎవరూ చెప్పరు. అప్పుడు ఒక చోట 1.5, ఇంకో చోట 4.8 చూపించి నెట్టుకురావాలని చూడొద్దు. ఈరోజు దాటినా ఏటా రెన్యూవల్ ఉంటుంది, ఎప్పుడైనా పట్టుకుంటారు.

పలమనేరు_కుర్రోడు:

ఆ సంతకం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. పెట్టమంటే పెట్టండి, ఎట్లాగూ అందరి దగ్గరా పెట్టించుకుంటున్నారు, కానీ దాని ఫోటో ఒకటి మీ ఫోన్‌లో ఉంచుకోండి. నేను చదివిన కాలేజీలో గవర్నమెంటు నుంచి డబ్బులు రాలేదని ఫైనలియర్‌లో సర్టిఫికెట్లు ఆపేశారు, ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర పడ్డాక అప్పు చేసి కట్టి తెచ్చుకున్నాం. ఆ రోజుల్లో డబ్బు అమ్మ ఖాతాలో పడేది, పడినప్పుడు కాలేజీకి కట్టాలి. ఇప్పుడు నేరుగా కాలేజీకే వేసే పద్ధతి పెట్టారు, అదైతే నయం, మధ్యలో ఆ డబ్బు ఇంటి ఖర్చుకు పోయే గొడవ ఉండదు.

ఒరిజినల్స్ ఆపే హక్కు మాత్రం ఏ కాలేజీకీ లేదు, యూజీసీ 2018లోనే చెప్పింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్సులు మాత్రమే ఇచ్చి రండి. ఇంకో మాట, హాజరు 75 శాతం తగ్గితే ఫీజు ఆగిపోతుంది, ఫస్టియర్ పిల్లలకు ఇది చెప్పే దిక్కే ఉండదు.

చిత్తూరు_రిటైర్డ్_బ్యాంకు:

అమ్మా, రీయింబర్స్‌మెంట్ రాకపోయినా చేతులెత్తేయాల్సిన పని లేదు. నేను బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నవాణ్ణి, రెండు మూడు సంగతులు చెబుతాను.

మీ చెల్లెలు ఆడపిల్ల, చేరేది ఇంజినీరింగు ఫస్టియర్. ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ అచ్చంగా ఇలాంటి పిల్లల కోసమే. ఏడాదికి రూ. 50 వేలు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే చాలు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. ఇంటర్ మార్కుల మెరిట్ మీద ఎంపిక కాబట్టి గ్యారంటీ అని చెప్పను, కానీ మన వైపు చాలామంది దాని పేరే విని ఉండరు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వేయాలి. అందులోనే సెంట్రల్ సెక్టార్ స్కీము అని ఇంకొకటి ఉంది, ఇంటర్ బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండాలి, ఆదాయం 4.5 లక్షల లోపు, మొదటి మూడేళ్లు ఏడాదికి రూ. 12 వేలు, నాలుగో ఏడాది రూ. 20 వేలు. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది ఇవ్వరు. మూడూ కలిపి లెక్కేసుకోకుండా ఏది పెద్దదో చూసుకుని, షరతులు చదివి వేయండి.

ఇక లోన్. నాలుగు లక్షల దాకా మార్జిన్, అంటే మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా, లేదు, తాకట్టు లేదు. ఏడున్నర లక్షల దాకా కూడా క్రెడిట్ గ్యారంటీ కింద తాకట్టు లేకుండా ఇస్తారు. చదువు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది కంతులు ఉండవు గానీ వడ్డీ మాత్రం నడుస్తుంటుంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గానీ కోర్సుకు ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉంటే ఆ కాలపు వడ్డీని కేంద్రమే భరిస్తుంది. మీ నాయన రిటర్నులో 4.8 అని ఉంటే ఇక్కడా కాస్త తేడాతో తప్పిపోతుంది, అందుకే ఆ గడి సంగతి తేల్చుకోమని తమ్ముడు చెప్పింది చాలా ముఖ్యం. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో ఎనిమిది లక్షల ఆదాయం దాకా పది లక్షల లోన్ మీద మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది, కానీ అది ర్యాంకుల్లో పైనున్న కొన్ని సంస్థలకే. తిరుపతిలో ఐఐటీ, ఐసర్ లాంటివి వస్తాయి, మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో బ్రాంచికి పోయే ముందే చూసుకోండి. "ఎడ్యుకేషన్ లోన్ ఇవ్వం పోండి" అని నోటిమాటగా పంపిస్తే ఊరుకోవద్దు, విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేస్తే ఎందుకు తిరస్కరించారో రాయాల్సి వస్తుంది.

వేలూరు_బస్సు:

మధ్యలో ఒక మాట, చిత్తూరు వైపు వాళ్ల కోసం. గంట ప్రయాణమే కదా అని వేలూరులో సీటు తీసుకుని, ఇంటి అడ్రసు ఆంధ్రాలోనే ఉంది కదా, ఫీజు రావాలి కదా అని అడిగేవాళ్లు ఏటా కనిపిస్తారు. మాలాంటి బీసీ, ఓసీ పిల్లలకు అవతల రాష్ట్రం కాలేజీకి మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అక్కడికి పోవాలనుకుంటే లోన్ లెక్క వేసుకునే పోండి.

ఏర్పేడు_ఐఐటీ_గేటు:

ఐఐటీ ఫీజు చూసి భయపడే ఇళ్లు కూడా ఉన్నాయి కాబట్టి చెబుతున్నా. బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి రూ. 2 లక్షలు, కానీ ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు పూర్తిగా మాఫీ, కులంతో పని లేకుండా ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగా, లక్ష నుంచి అయిదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. మంచి ర్యాంకు తెచ్చుకుని ఫీజుకు భయపడి వెనక్కి తగ్గేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

చంద్రగిరి_కోటవీధి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆడిటర్ దగ్గర కాపీ తెప్పించాం. 4.8 లక్షలు అనేది మొత్తం రాబడి గడిలోనే ఉంది, నికర ఆదాయం 2.3 లక్షలు అని రాశారు. మామకు కూడా చెప్పేశాం, కోపమొచ్చి మా ఇంటికి రావడం మానేశాడు, అది వేరే సంగతి. ఇప్పుడు ఆర్సీ, పర్మిట్, ఈ రిటర్ను కాపీ పట్టుకుని సచివాలయానికి పోతే సరిపోతుందా? ఆదాయ ధ్రువపత్రంలో ఉన్న 1.5 అట్లాగే ఉండొచ్చా?

స్కాలర్‌షిప్_సెక్షన్:

అయితే పరిమితి లోపలే ఉన్నారు. కానీ 1.5ని అట్లా వదలొద్దు, రిటర్నులో 2.3 ఉన్నప్పుడు ధ్రువపత్రం కూడా అదే అంకెతో మళ్లీ తీసుకోండి, రెండూ ఒకటిగా ఉంటే ఏ ఆఫీసులోనూ మీరు తడుముకోవాల్సిన పని ఉండదు. సచివాలయంలో నోటిమాటగా "చూస్తాం" అంటే ఒప్పుకోవద్దు, గ్రీవెన్స్ నంబరు రాయించుకుని రండి, అది పరిష్కారమైందో లేదో ఆ నంబరుతోనే కనుక్కోవాలి. మీ చెల్లెలి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయ్యిందా అని కాకుండా, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే పడేలా చేసేది) అయ్యిందా అని బ్యాంకులో అడగండి, మెస్ ఛార్జీల డబ్బు అక్కడే ఆగిపోతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే ఉంటే ఇప్పుడే ఆధార్ సరిచేయించండి, ఎందుకంటే పెద్దాయన చెప్పిన నేషనల్ పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ ఆధార్ మీదే జరుగుతుంది, చివరి వారంలో ఆ సైట్ తెరుచుకోదు.