విమానం కూలిందా, కూల్చారా?

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. చాలా రోజులుగా మనసులో మెదులుతున్న ఒక మాటల జత గురించి అడుగుతున్నాను: కూలు, కూల్చు. వ్యాకరణంలో రెండు వాక్యాల్లో తేలిపోయే విషయమే. కాలు–కాల్చు, పేలు–పేల్చు, రాలు–రాల్చు లాగే ఇదీ. మొదటిది తనంతట జరిగేది, రెండోది ఎవరో చేసేది. కానీ నేను అనంతపురంలో ఒక పత్రిక డెస్కులో ఏళ్ళ తరబడి విదేశీ వార్తలు తెలుగు చేసినవాణ్ణి. ఈ ఒక్క 'చు' దగ్గర ఎన్ని రాత్రులు ఆగిపోయానో లెక్కలేదు.

2014 జులై 17 రాత్రి సంగతి. పేజీలు వదలాల్సిన టైము దగ్గరపడింది. ఆమ్‌స్టర్‌డాం నుంచి కౌలాలంపూర్ పోతున్న మలేసియా విమానం తూర్పు ఉక్రెయిన్‌లో పడిపోయిందని ఏజెన్సీ కాపీ వచ్చింది. అందులో 298 మంది ఉన్నారు. క్షిపణితో కొట్టారని ఉక్రెయిన్ అధికారులు అంటున్నారు. మేం కాదని రష్యా అనుకూల వేర్పాటువాదులు అంటున్నారు. నేను 'కూలిన మలేసియా విమానం' అని హెడ్డింగు పెట్టాను. ఆ రాత్రికి అది తప్పు కాదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. అప్పటికి ఏదీ తేలలేదు.

తేలిన తర్వాత కూడా మన రాతల్లో అది 'కూలిన విమానం'గానే మిగిలిపోయింది. నా బాధంతా అక్కడే. నేలమీది నుంచి వదిలే 'బుక్' అనే క్షిపణి తగిలే విమానం పడిందని 2015 అక్టోబరులో నెదర్లాండ్స్ భద్రతా బోర్డు నివేదిక ఇచ్చింది. ఆ క్షిపణి కూర్స్క్‌లో ఉండే రష్యా సైన్యపు 53వ బ్రిగేడ్‌దని 2018లో అంతర్జాతీయ దర్యాప్తు బృందం చెప్పింది. 2022 నవంబరు 17న నెదర్లాండ్స్ కోర్టు ముగ్గురికి, వాళ్ళు బోనులో లేకుండానే, యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తీర్పు వార్తకు సైతం 'విమానం కూలిన కేసులో' అని మొదలుపెట్టిన రాతలు నేనే చదివాను. కూలిన కేసేమిటి? ఊరికే కూలితే శిక్ష ఎవరికి?

ఇది రాసేవాళ్ళ అశ్రద్ధ ఒక్కటే కాదని నా నమ్మకం. ఆ ఎనిమిదేళ్ళలో రష్యా ప్రభుత్వం, దాని చానళ్ళు ఒక కథ చెప్పలేదు, పూటకో కథ చెప్పాయి. ఘటన జరిగిన నాలుగో రోజున, దగ్గర్లో ఉక్రెయిన్ యుద్ధవిమానం ఎగిరిందని రక్షణ శాఖ చెప్పింది. నవంబరులో వాళ్ళ చానల్ వన్, ఆ యుద్ధవిమానం క్షిపణి వదులుతున్నట్టు ఒక ఉపగ్రహ చిత్రం చూపించింది. అది నకిలీదని వెంటనే బయటపడింది. 2015లో బుక్ తయారుచేసే కంపెనీయే ముందుకొచ్చి, క్షిపణి బుక్కే గానీ కొట్టింది ఉక్రెయిన్ వైపు నుంచి అంది. యుద్ధవిమానం కొట్టిందంటే నేలమీది క్షిపణి కథ పోతుంది, నేలమీది క్షిపణి అంటే యుద్ధవిమానం కథ పోతుంది. అయినా మూడూ చలామణీ అయ్యాయి. ఎందుకంటే వినేవాడు ఏదో ఒకటి నమ్మాల్సిన పని లేదు. 'ఏమో, ఎవరికి తెలుసు' అనుకుంటే చాలు. 'ఏమో' అనుకున్నవాడి చేతికి వచ్చే క్రియ 'కూలింది'. అనంతపురంలో కూర్చుని హెడ్డింగు పెట్టేవాడి దాకా ఆ 'ఏమో' ప్రయాణం చేసింది. ప్రభుత్వ డబ్బుతో 2005లో మొదలైన వాళ్ళ ఇంగ్లిష్ చానల్ ఆర్‌టీలో లండన్ నుంచి పనిచేస్తున్న సారా ఫర్త్, విమానం పడిన మర్నాడే ఆ వార్తల తీరు భరించలేక ఉద్యోగం వదిలేసింది. నాకు ఆమె మీద చాలా గౌరవం.

ఈ రెండు క్రియల తేడా నాకు నేర్పింది మా అవ్వ. జమ్మలమడుగు దగ్గర మాదొక పల్లె, మట్టిగోడల చవుడుమిద్దె. వీధిలో కాలువ కోసం ఒక కాంట్రాక్టరు మిషన్ పెట్టి గోడకు జానెడు దూరంలో నడుము లోతు తవ్వించాడు. ఆ రాత్రి వాన పడింది. తెల్లారేసరికి వీధి వైపు గోడ, దాని మీది దంతెలు గుంతలో ఉన్నాయి. చూడడానికొచ్చిన అధికారి 'వర్షమునకు మిద్దె కూలినది' అని రాసుకున్నాడు. అవ్వకు చదువు రాదు. ఏం రాసినావో చదువు అంది. చదివాడు. "కూల్లేదు నాయనా, కూల్చినారు. నీ కాగితంలో వాన పేరుంది, మిషన్ పేరు యాడుంది?" అంది.

ఇక నా ప్రశ్న. కూలింది, కూలిపోయింది, కూల్చారు, కూల్చేశారు, కూల్చబడింది: ఈ అయిదింటిలో ఎప్పుడు ఏది వాడాలి? '-పోయింది' చేరితే జాలి వస్తుంది, అయ్యో అనిపిస్తుంది. '-వేయు' చేరితే కావాలని చేసినట్టుంటుంది. అనువాదంలో వీటిని ఎలా పట్టుకోవాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కర్నూలు, తెలుగు మాస్టారు:
అబ్బాయ్, 'కూల్చబడింది' ముందే తీసెయ్. అది పరీక్ష పేపర్లో బతికే మాట, నోట్లో బతకదు. నువ్వు గమనించాల్సింది 'కూల్చారు' ఒకటి. తెలుగులో దానికి కర్త పక్కన ఉండక్కర్లేదు. 'బస్టాండు దగ్గర చెట్టు కొట్టేశారు' అంటాం. ఎవరని అడిగితే తెలియదంటాం. చెట్టు దానంతట పడలేదన్నది మాత్రం చెప్పినట్టే. క్షిపణి తగిలిందని తేలి, ఎవరు వదిలారో తేలని నాళ్ళకు 'విమానాన్ని కూల్చారు' సరిగ్గా సరిపోతుంది. ఎవరో తేలిననాడు కర్తను తెచ్చి ముందు పెట్టు. ఇంకొక్క మాట. పాత కావ్యాల్లో యుద్ధంలో వీరుడు 'కూలె' అంటారు. అక్కడ చంపినవాడు ఎవరో పై పద్యంలోనే ఉంటాడు కాబట్టి దాపరికం లేదు. ఒక్క 'కూలింది' చూసి తప్పు పట్టకు, పక్క వాక్యం కూడా చూడు.

ఆదోని:
అన్నా, రష్యా గురించి చెప్పింది ఒప్పుకుంటా. కానీ అమెరికా వాళ్ళ పేపర్లు మాత్రం శుద్ధమా? ఇరాన్ విమానాన్ని వాళ్ళ నౌక కొట్టినప్పుడు ఏమి రాసినారో అదీ చెప్పు. ఒకపక్కే చూపిస్తే మీరూ అదే పని చేసినట్టు.

రాసినవాణ్ణి:
మాస్టారూ, 'చెట్టు కొట్టేశారు' ఉదాహరణకు దండం. ఇన్నేళ్ళు నా చేతిలోనే ఉన్న క్రియను నేను చూడలేదు.

ఆదోని తమ్ముడూ, నువ్వడిగింది న్యాయం. 1983 సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చింది, 269 మంది పోయారు. 1988 జులై 3న అమెరికా నౌక విన్‌సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది, 290 మంది పోయారు. రాబర్ట్ ఎంట్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ రెంటి మీద అమెరికా పత్రికలు, టీవీ వాడిన మాటలు పక్కపక్కన పెట్టి 1991లో అచ్చువేశాడు. మొదటిదానికి దాడి, హత్య. రెండోదానికి విషాదం, యంత్రాల పొరపాటు. మన లెక్కలో మొదటిది కూల్చడం, రెండోది కూలడం. 1996లో అమెరికా పరిహారం కట్టింది, తప్పు ఒప్పుకోకుండానే.

ఇరాన్ ప్రజలు 1988లో 'కూల్చారు' అని ఎంత గట్టిగా అడిగారో, 2020 జనవరిలో వాళ్ళ ప్రభుత్వమే అంత గట్టిగా 'కూలింది' అంది. టెహ్రాన్ దగ్గర ఉక్రెయిన్ విమానం పడి 176 మంది చనిపోతే మూడు రోజులు సాంకేతిక లోపమన్నారు. జనవరి 11న, పొరపాటున మేమే కొట్టామని ఒప్పుకున్నారు. ఆ మూడు రోజులూ అధికారులు చెప్పిందే తెలుగు చేసిన డెస్కుల్లో మాదీ ఒకటి. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

అయితే తమ్ముడూ, రెండు తప్పుల్నీ ఒకే తూకంలో వెయ్యలేను. అమెరికా పత్రికల పక్షపాతాన్ని లెక్కగట్టిన మనిషి ఆ తర్వాత కూడా అమెరికాలోనే పుస్తకాలు రాశాడు, పాఠాలు చెప్పాడు. రష్యాలో 2022 మార్చిలో సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' చెబితే 15 ఏళ్ళ దాకా జైలని చట్టం తెచ్చారు. ఉక్రెయిన్ మీద దాడిని 'ప్రత్యేక సైనిక చర్య' అనాలి. మాస్కోలో అలెక్సీ గోరినోవ్ అనే వార్డు సభ్యుడు కౌన్సిల్ మీటింగులో 'యుద్ధం' అన్నాడు. జులైలో ఏడేళ్ళు వేశారు. ఒక్క నామవాచకానికి ఏడేళ్ళు! అక్కడ నోరు నొక్కి కాపాడుకున్న మాటే బయటి దేశాలకు ఏజెన్సీ కాపీగా వస్తుంది. దాన్ని మనం పొల్లుపోకుండా తెలుగు చేస్తాం.

అనంతపురం, అనువాదకురాలు:
తమ్ముడూ, నాదొక సందేహం. మన నోట్లో 'అంట' ఉంది కదా. 'విమానం కూలిందంట', 'పక్షి తగిలిందంట'. 2024 డిసెంబరులో అజర్‌బైజాన్ విమానం పడ్డప్పుడు రష్యా విమానయాన శాఖ మొదట పక్షి తగిలిందనే చెప్పింది. పల్లెలో మనిషి ఆ సంగతి 'అంట' లేకుండా చెప్పడు. నేను చూడలేదు, విన్నాను అని ఆ ఒక్క ముక్కలో ఒప్పుకుంటాడు. పత్రికలోకి రాగానే 'అంట' మొరటని తీసేసి 'సమాచారం', 'తెలుస్తోంది', 'భోగట్టా' అని పెడతాం. అవి ఎవరి నోటి నుంచి వచ్చాయో తెలియని మాటలు. 'అంట'ను మళ్ళీ తెచ్చుకోలేమా?

రాసినవాణ్ణి:
అక్కా, నాకూ ఇష్టమే. కానీ 'అంట'లో ఎవరన్నారో ఉండదు, పైగా అచ్చులో చదివితే ఎకసెక్కంలా ధ్వనిస్తుంది. నేను పాటించేది ఒకటుంది. మాట ఎవరిదో వాళ్ళ పేరు వాక్యం మొదట్లో పెడతాను, ఆ తర్వాతే సంగతి. 'పక్షి తగిలి విమానం కూలింది: రష్యా' అంటే చదివేవాడు సగంలో నమ్మేస్తాడు. 'రష్యా అంటోంది: పక్షి తగిలింది' అంటే మొదటి చూపులోనే అది రష్యా మాట.

కడప:
సార్, ఇది విమానాలకే కాదు. 2020 అక్టోబరులో ఢిల్లీలోని చైనా రాయబార కార్యాలయం మన విలేకరులకు ఉత్తరం రాసింది, తైవాన్‌ను 'దేశం' అనొద్దని. ఇక్కడ పత్రికలకు స్వేచ్ఛ ఉందని మన విదేశాంగ శాఖ జవాబిచ్చింది. అరుణాచల్ ఊళ్ళకు వాళ్ళు కొత్త పేర్లు పెట్టి జాబితాలు వదులుతూనే ఉన్నారు. మాటను పట్టుకుంటే చాలని వాళ్ళకు బాగా తెలుసు.

ప్రొద్దుటూరు:
అన్నా, అన్నీ చెప్పినావు గానీ అవ్వ మిద్దె సంగతి ఏమైంది?

రాసినవాణ్ణి:
అవ్వ నా చేత ఇంకో అర్జీ రాయించింది. 'కాంట్రాక్టరు మిషన్‌తో గోడ కింద తవ్వించి మా మిద్దె కూల్చినారు' అని తను చెప్పింది చెప్పినట్టు రాశాను. కింద వేలిముద్ర వేసి, తనే మండల ఆఫీసుకు తీసుకుపోయింది. అక్కడ తీసుకుని రసీదు ఇచ్చారు. ఇంటికొచ్చి చదవమంది. 'మిద్దె కూలిన విషయమై అర్జీ ముట్టినది' అని ఉంది. అవ్వ నా చేతిలోంచి రసీదు తీసుకుని కొంగున ముడేసుకుంది. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే మళ్ళీ పోయింది.