అప్‌డేట్: ఫోర్డా, షెవీయా అని అడిగాను కదా

డాలస్‌లో ఉంటున్నాం, చిన్న పడవ ట్రైలర్ లాగడానికి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొనాలా, షెవీ (షెవర్లే) సిల్వరాడో పికప్ కొనాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సగం మంది ట్రక్కు గురించి కాకుండా వాళ్ళ నాన్న ఏది నడిపారో చెప్పారు!

చివరికి ఫోర్డే తీసుకున్నాం. లాయల్టీ ఏమీ లేదు, మాకు కావాల్సిన టోయింగ్ ప్యాకేజీతో (ట్రైలర్ లాగడానికి కావాల్సిన అమరికతో) దొరికింది అదే.

షెవీ అభిమానులు పదేపదే ఎత్తింది అల్యూమినియం సంగతి. 2015 మోడల్ నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియమే. 2016లో షెవర్లే ఒక ప్రకటనలో రెండు ట్రక్కుల్లోకీ కాంక్రీటు దిమ్మెలు కుమ్మరించి, ఫోర్డ్ బెడ్‌కి (వెనక సామాను వేసే తొట్టికి) చిల్లులు పడడం చూపించింది. పక్కింటాయన ఇప్పటికీ నాకు ఆ వీడియోనే చూపిస్తారు. మేం వేసేది ఐస్‌బాక్సులండీ, బండరాళ్ళు కాదు. అయినా బెడ్‌లైనర్ (తొట్టి లోపల రక్షణ పొర) వేయించాం.

ఫోర్డ్ అభిమానులేమో 1977 నుంచి అమెరికాలో ఎక్కువ అమ్ముడయ్యే పికప్ మాదే అంటారు. సిల్వరాడో, జీఎంసీ సియెరా రెండూ జనరల్ మోటార్స్ కంపెనీవే, అన్నదమ్ములే, వాటి అమ్మకాలు కలిపి లెక్కేయండి అని షెవీ అభిమానుల వాదన. అందులో న్యాయం ఉందనే నాకనిపిస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చిన సలహా మాత్రం డ్రైవర్ తలుపు దగ్గరి పేలోడ్ స్టికర్ (ట్రక్కు ఎంత బరువు మోయగలదో చెప్పేది) చూడమన్నది. ఒకే మోడల్‌లోనూ ట్రిమ్‌ని (వేరియంట్‌ని) బట్టి ఆ అంకె మారుతోంది.