బాత్రూం పగలగొట్టిన నెలకి పూర్తి అద్దె కట్టాలా?

మూడో అంతస్తు అమ్మాయి:
ఎస్సార్ నగర్‌లో త్రీ బెడ్‌రూం ఫ్లాట్. ఐదుగురం కలిసి ఉంటున్నాం, అద్దె 30 వేలు. అటాచ్డ్ బాత్రూం ఉన్న పెద్ద గదిలో ఇద్దరు, చెరో 7,000. రెండో గదిలో ఇద్దరు, చెరో 5,500. చిన్న గదిలో ఒక్కతే ఉంటుంది, 5,000. కింద ఫ్లాట్ సీలింగ్‌కి చెమ్మ దిగుతోందని ఓనర్ అంకుల్ ఆ అటాచ్డ్ బాత్రూం మొత్తం పగలగొట్టించారు. "నాలుగు రోజుల పనమ్మా" అన్నారు. ఇవాళ 19వ రోజు. ఎలాగూ మేస్త్రీ వచ్చాడు కదా అని వంటింటి గట్టు కూడా తీయించేశారు.

ఐదుగురికీ ఒకటే బాత్రూం. పొద్దున ఆరింటి నుంచి క్యూ. ఫ్రిజ్ హాల్లో ఉంది, బియ్యం డబ్బా మంచం కింద ఉంది, గిన్నె కడిగి బోర్లిస్తే పది నిమిషాల్లో దుమ్ము. ఒకమ్మాయికి నైట్ షిఫ్ట్. తను ఏడింటికి వచ్చి పడుకుంటే తొమ్మిదింటికి బ్రేకర్ మెషిన్ మొదలు. వీటన్నిటికీ సర్దుకున్నాం. మొన్న నేను తలస్నానం చేసి టవల్‌తో బయటికొస్తే హాల్లో ఇద్దరు మనుషులు టైల్స్ పెట్టెలు దించుతున్నారు. అంకుల్ ఇచ్చిన తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చారట, బెల్ కూడా కొట్టలేదు.

అద్దె తగ్గించమని అడిగితే "మీ కోసమే కదమ్మా చేయిస్తున్నా" అంటున్నారు. పూర్తిగా కట్టాలా? అగ్రిమెంట్ 11 నెలలది, నా ఒక్కదాని పేరు మీదే ఉంది.

రెండు పోర్షన్ల ఓనర్:
తాళంచెవి విషయం తప్పే, దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ అద్దె తగ్గింపు ఎందుకమ్మా? కింద వాళ్ల సీలింగ్ కారుతుంటే ఆ ఓనర్ మాత్రం ఏం చేస్తాడు? ఆపితే కింద వాళ్లు ఊరుకోరు, చేస్తే మీరు ఊరుకోరు. రాత్రి పదింటికి ట్యాప్ కారుతోందని ఫోన్ చేసేది కూడా అద్దెవాళ్లే. ఒక బాత్రూం తవ్వి మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో చేయించినవాడికే తెలుస్తుంది. రిటైరైన వాళ్లకి ఆ అద్దే నెల సరుకులు. అన్నట్టు ఒకటి అడుగుతా. పగలగొట్టే ముందు ఒక్కో బాత్రూంలో నీళ్లు కట్టి, లీకు ఏదో చూశారా?

మూడో అంతస్తు అమ్మాయి:
లేదండీ. మేస్త్రీ కింద నుంచి చూసి "ఇదే" అన్నాడు, అంతే.

పాత బ్యాచిలర్:
అక్కా, సింపుల్. వచ్చే నెల అద్దె కట్టకండి. అడ్వాన్స్‌లో పట్టుకోమనండి. ఎలాగూ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె మింగేస్తారు. అమీర్‌పేట చుట్టుపక్కల ఎనిమిదేళ్లలో ఐదు ఇళ్లు మారాను, ఒక్కచోట కూడా అడ్వాన్స్ పూర్తిగా తిరిగి రాలేదు.

సిటీ సివిల్ కోర్టు దగ్గరివాడు:
దయచేసి ఆ పని చేయకండి. అద్దె ఆపితే ఇప్పటిదాకా ఓనర్‌ది ఉన్న తప్పు మీది అవుతుంది. రేపు ఆయన నోటీసులో బాత్రూం ఊసే ఉండదు, "అద్దె బకాయి" అనే ఉంటుంది.

చట్టం సంగతి కొంచెం చెప్తాను, ఇక్కడ చాలామంది పొరబడతారు. అద్దె నియంత్రణ చట్టం అని 1960 నాటిది ఉంది. నీళ్లూ కరెంటూ లాంటివి కారణం లేకుండా ఆపకూడదని, రిపేర్ల కోసం ఇల్లు ఖాళీ చేయించాలంటే ఎలా అని అందులో రాశారు. కానీ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇల్లు దాని కిందకి రాదు. అంటే హైదరాబాద్‌లో దాదాపు ఏ ఫ్లాటూ రాదు. మీకు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అద్దె కడుతూ ఒప్పందం పాటిస్తున్నంత కాలం అద్దెదారు ఆ ఇంట్లో ఆటంకం లేకుండా ఉండొచ్చని 108వ సెక్షన్ చెప్తుంది. ఇల్లు ఆయనదే, కానీ ఈ 11 నెలలూ అందులో ఉండే హక్కు మీది. తాళంచెవి ఇచ్చి మనుషుల్ని పంపడం దానికి నేరుగా అడ్డమే.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలపాలని ఉంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అమలు కాదు, ఎస్సార్ నగర్‌లో దాన్ని చూపించి లాభం లేదు.

ఇక అద్దె తగ్గింపు. 1966లో సుప్రీంకోర్టు ముందుకి కలకత్తా స్టీఫెన్ కోర్ట్ కేసు వచ్చింది. స్టీఫెన్ కోర్ట్ అంటే కోర్టు కాదు, ఓనర్ కంపెనీ పేరు. మూడు బెడ్‌రూంలు ఇస్తానని ఒకటి అప్పగించలేదు, అద్దెదారు మొత్తం అద్దె ఆపేశాడు. కోర్టు మొత్తం ఆపడం ఒప్పుకోలేదు, పూర్తి అద్దె కట్టమనీ అనలేదు. అనుభవించిన మేరకు కట్టమంది. అది అసలు అప్పగించని గది కేసు, మీది మధ్యలో పగలగొట్టిన బాత్రూం. అచ్చంగా ఒకటే కాదు. కానీ ఓనర్‌తో మాట్లాడేటప్పుడు మీ దగ్గరున్న గట్టి మాట అదే.

రెండు పోర్షన్ల ఓనర్:
లాయరుగారూ, ఆ లెక్కన కరెంటు పోయిన గంటకి కూడా తగ్గించాలా?

సిటీ సివిల్ కోర్టు దగ్గరివాడు:
నాలుగు రోజుల పని నాలుగు రోజుల్లో అయితే ఎవరూ అడగరు. గట్టు ఎందుకు తీశారు సార్? అది కారడం లేదు కదా. చెమ్మ ఆపడం రిపేరు, దానికి అద్దెవాళ్లు సర్దుకోవాల్సిందే. గట్టుకి కొత్త గ్రానైట్ వేయించుకోవడం ఆయన ముచ్చట. ఆ ముచ్చట ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు తీర్చుకోవాలి.

రెండు పోర్షన్ల ఓనర్:
అది ఒప్పుకుంటా. మేస్త్రీలు దొరకడమే కష్టం, దొరికినప్పుడు అన్నీ చేయించేద్దాం అనిపిస్తుంది. నేనూ చేశాను అలా.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:
ఇక్కడ ఇల్లు బాగుచేసి విలువ పెంచే పని అయితే మూడు నెలల ముందు రాతలో చెప్పాలి, ఎప్పుడు మొదలో ఎన్నాళ్లో కూడా రాయాలి. ఇల్లు వాడుకోలేకపోతే చట్టం ప్రకారమే అద్దె తగ్గుతుంది. మా షేర్డ్ ఫ్లాట్‌లో కిటికీలు మార్చినప్పుడు ఓనర్ పంపిన కాగితంలో పనివాళ్లు వచ్చే గంటలు కూడా ఉన్నాయి.

పాత బ్యాచిలర్:
అన్నా, ఇక్కడ మేస్త్రీ వచ్చే రోజు మేస్త్రీకే తెలియదు.

సిటీ సివిల్ కోర్టు దగ్గరివాడు:
మళ్లీ అడిగిన అమ్మాయికి. మీ అసలు బలహీనత అద్దె కాదు, అగ్రిమెంట్. కాగితం మీద మీరొక్కరే అద్దెదారు. మిగతా నలుగురూ మీ దగ్గర ఉంటున్నట్టే లెక్క. వాళ్లలో ఎవరైనా కోపంతో డబ్బు ఇవ్వకుండా వెళ్లిపోతే ఓనర్ అడిగేది మిమ్మల్నే. అందుకని ముందు ఐదుగురూ ఒక మాట మీదకి రండి. తర్వాత అంకుల్‌కి వాట్సాప్‌లో మర్యాదగా పెట్టండి: పని ఏ తేదీన మొదలైంది, ఏ గది వాడలేకపోతున్నారు, మనుషులు వచ్చే టైం ముందు రోజే చెప్పాలి, తాళంచెవి వాడకూడదు, ఈ నెల ఇంత తగ్గించండి. ఫోటోలు జత చేయండి. ఆయన ఒప్పుకునేదాకా అద్దె కడుతూ, "అభ్యంతరంతో కడుతున్నాం" అని ఒక్క ముక్క రాయండి.

మూడో అంతస్తు అమ్మాయి:
పది రోజుల తర్వాత రాస్తున్నా. మీరు చెప్పినట్టే మెసేజ్ పెట్టాం. అంకుల్ రెండు రోజులు బ్లూ టిక్‌తో సరిపెట్టి, మూడో రోజు ఆంటీని తీసుకుని వచ్చారు. టవల్ సంగతి చెప్తే ఆంటీ ఆయన వైపు చూసిన చూపుకే సగం పని అయిపోయింది. తాళంచెవి తిరిగి ఇచ్చేశారు. ఈ నెల 5,000 తగ్గించారు.

ఇప్పుడు గొడవ మాలో మాకే. పెద్ద గది వాళ్లు ఆ 5,000 మొత్తం మాదే, పోయింది మా బాత్రూమే అంటున్నారు. నైట్ షిఫ్ట్ అమ్మాయి నా నిద్రకి ఎవరిస్తారు అంటోంది. చిన్న గది అమ్మాయి ఏమీ అనడం లేదు గానీ, పది సిమెంటు బస్తాలు ఆమె మంచం పక్కనే పెట్టారు.

రెండు పోర్షన్ల ఓనర్:
దీనికి లెక్క మీ దగ్గరే ఉందమ్మా. అటాచ్డ్ కోసం వాళ్లిద్దరూ రెండో గది వాళ్లకన్నా చెరో 1,500 ఎక్కువ కడుతున్నారు. అంటే ఆ బాత్రూంకి మీరే 3,000 ధర కట్టుకున్నారు. నెలంతా లేదు కాబట్టి ఆ 3,000 వాళ్లకి. మిగిలిన 2,000 దుమ్ముకీ చప్పుడుకీ, ఐదుగురికీ తలా 400.

పాత బ్యాచిలర్:
ఓనర్ గారూ, మీరే మా పార్టీలోకి వచ్చేయండి. కాకపోతే ఆ 1,500 బాత్రూంకేనా, పెద్ద గదికి బాల్కనీ కూడా ఉండి ఉంటుంది కదా? నెల రోజుల నిద్రకి 400 అంటే నేనైతే ఒప్పుకోను.

మూడో అంతస్తు అమ్మాయి:
బాల్కనీ ఉంది. నైట్ షిఫ్ట్ అమ్మాయీ ఒప్పుకోలేదు. పెద్ద గది వాళ్లు తమ వాటా 400లు రెండూ ఆమెకిచ్చేస్తామన్నారు, అంటే ఆమెకి 1,200. అప్పుడు చిన్న గది అమ్మాయి మొదటిసారి నోరు తెరిచి "మరి బస్తాలు?" అంది. అక్కడ ఆగింది.

ఇంకోటి. నిన్న కొత్త బాత్రూంలో నీళ్లు కట్టి ఉంచారు, లీకు చూడ్డానికి. చుక్క కూడా దిగలేదు. పొద్దున కింద ఫ్లాట్ ఆంటీ తన సీలింగ్ ఫోటో పెట్టింది, చెమ్మ అలాగే ఉంది. ప్లంబర్ వచ్చి మేం ఐదుగురం వాడుతున్న రెండో బాత్రూం వైపు చూస్తూ నిలబడ్డాడు.