కమ్యూనిటీ తొట్టిలో ఒక్క చేప మిగతావాటిని తరుముతోంది, ఏం చేయాలి?

ప్రశ్న

మా అక్వేరియం 80 సెంటీమీటర్ల పొడవు, సుమారు 110 లీటర్లు. ఒక నీలి గొరామి, ఒక బంగారు రంగు గొరామి, నాలుగు మోలీలు, ఓ గుంపు నియాన్ టెట్రాలు, అడుగున తిరిగే కోరీలు ఉన్నాయి. మొదట్లో అన్నీ బాగానే కలిసి ఉండేవి. ఈ మధ్య నీలి గొరామికి ఏం పట్టిందో గానీ, బంగారు దాన్ని క్షణం నిలవనివ్వడం లేదు. అది పోయి హీటర్ వెనక దూరి కూర్చుంటోంది. తోక అంచు చిరిగింది, రెండు మీసాల్లో ఒకటి సగమే మిగిలింది. మేత వేసినా బయటికి రాదు. మధ్యలో అడ్డొచ్చిన మోలీలకీ పోట్లు పడుతున్నాయి.

ఒకరేమో వేరు చేయమంటారు, ఇంకొకరు రాళ్లు, మొక్కలు అటూ ఇటూ మార్చమంటారు, మరొకరు ఇంకొన్ని చేపలు వేస్తే సర్దుకుంటుందంటారు. ఏది ముందు చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. కొట్టే చేపంటే కూడా ఇంట్లో అందరికీ ఇష్టమే, కాబట్టి ఇచ్చేయడం ఆఖరి మాటగా ఉంచుకుందాం అనుకుంటున్నాను.

జవాబు

ఏదైనా మార్చే ముందు ఓ అరగంట కదలకుండా కూర్చుని చూడండి. మనిషి దగ్గరికి రాగానే చేపలు మేత కోసం ముందుకొస్తాయి, అప్పుడు చూసింది లెక్క కాదు. మూడు సంగతులు చెప్పండి. తరమడం తొట్టిలో ఒకే చోట మొదలవుతోందా, లేక ఎక్కడ కనబడితే అక్కడా? ఒక్క చేపనే పట్టుకుందా, అన్నింటినీనా? మేత వేసినప్పుడే ఎక్కువా, రోజంతానా?

ప్రశ్న అడిగినవారు

చూశానండి. ఎక్కువగా పైభాగంలో, ఫిల్టర్‌కి ఎదురు మూల దగ్గర మొదలవుతోంది. అక్కడ తేలే మొక్కలు ఉన్నాయి. వాటి కింద నురుగులా చిన్న చిన్న బుడగలు గుంపుగా కనిపించాయి, అది ఫిల్టర్ వల్ల అనుకున్నాను. మోలీలైతే ఆ మూలకి వెళ్తేనే కొడుతోంది. బంగారు దాన్ని మాత్రం ఎక్కడున్నా వెతికి మరీ తరుముతోంది. వేళాపాళా లేదు.

జవాబు

అయితే విషయం దాదాపు తేలిపోయింది. ఆ నురుగు ఫిల్టర్‌ది కాదు, గూడు. మగ గొరామి నీటి పైన బుడగలతో గూడు కట్టి, ఆడ చేప గుడ్లు పెడితే వాటిని అందులో చేర్చి, పిల్లలు ఈదే దాకా కాపలా కాస్తుంది. ఆడ చేప లేకపోయినా గూడు కట్టేస్తుంది. కట్టాక ఆ మూల దానిది. మోలీలకి పడుతున్న దెబ్బలు ఆ గూటి దగ్గరికి వెళ్లినందుకే.

బంగారు దాని సంగతి వేరు. నీలి గొరామి, బంగారు గొరామి రంగులో తేడాయే గానీ రెండూ ఒకే జాతి. మూడు చుక్కల గొరామి అంటారు. ఒంటి మధ్యలో ఒక చుక్క, తోక మొదట్లో ఒకటి ఉంటాయి, మూడో చుక్క కింద కన్నునే లెక్కేస్తారు! ఆ బంగారు రంగు పెంపకందార్లు ఎంచి ఎంచి తెచ్చింది. మన కంటికి వేరుగా కనబడ్డా దానికి మాత్రం సొంత జాతి పోటీదారే. ఇప్పుడు రెండింటి వీపు మీది రెక్క చూడండి. వెనక్కి పొడుగ్గా సాగి మొనదేలి ఉంటే మగ, పొట్టిగా గుండ్రంగా ఉంటే ఆడ. రెండూ మగవే అయితే ఈ తొట్టిలో రాజీ కుదరడం చాలా కష్టం. బంగారుది ఆడదైనా తరుముతుంది, గుడ్లకి సిద్ధంగా లేకపోతే ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. గొరామి మొప్పలతో పాటు నేరుగా గాలి కూడా పీలుస్తుంది, తల లోపల దానికి ప్రత్యేకమైన అవయవం ఉంది. అందుకే కొద్దిసేపటికోసారి పైకి రాక తప్పదు. మీ తొట్టిలో పైభాగమంతా కొట్టే చేప ఏలుబడిలో ఉంది. అంటే దెబ్బలు తినేది ఎంత బాగా దాక్కున్నా ఊపిరికోసం మళ్లీ దాని ముందుకే రావాలి. అడుగున గుహలు, కుండ పెంకులు పెడితే సరిపోతుందనే సలహా కోరీలకో, అడుగు చేపలకో పని చేస్తుంది గానీ ఇక్కడ కాదు. మీకు కావలసిన చాటు నీటి పై అంచు దాకా ఉండాలి. పొడుగ్గా పెరిగే మొక్కలు, నిలువుగా నిలబెట్టిన కర్ర, రెండో మూలలో కూడా తేలే మొక్కలు. ఒక చివర నుంచి చూస్తే రెండో చివర కనబడకూడదు.

ఇక వరస. ఈ రాత్రికి ఏమీ చేయలేకపోతే లైటు ఆర్పేయండి, చీకట్లో తరమడం ఆగుతుంది. రేపు కొట్టే చేపనే బయటికి తీయండి, తినే దాన్ని కాదు. ఎక్కువమంది జాలిపడి దెబ్బలు తిన్నదాన్ని తీసి వేరే పెడతారు. అది కోలుకుని తిరిగొచ్చేసరికి కొట్టేది ఇంకా గట్టిగా పాతుకుపోయి ఉంటుంది, కొత్తగా వచ్చినదాన్ని చూసినట్టు మీద పడుతుంది. కొట్టేదాన్ని తీస్తే దాని ఇలాకా దాని చేతుల్లోంచి పోతుంది. పైగా గాయపడ్డ చేపని వలతో పట్టి మార్చడం దానికి ఇంకో దెబ్బ.

వేరే పెట్టడమంటే అదే తొట్టిలో వేలాడే వల పెట్టెలో కాదు. అందులోంచి రోజంతా తన మూలని చూస్తూనే ఉంటుంది, మనసు మారదు. ఓ ప్లాస్టిక్ టబ్బు చాలు, ఇరవై ముప్పై లీటర్లు పట్టేది. పాత తొట్టి నీళ్లే పోయండి. హీటర్, స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. ఇప్పుడు నడుస్తున్న ఫిల్టర్‌లోంచి స్పాంజ్ ముక్క తీసి వాడితే మంచిది, కొత్త స్పాంజ్‌లో వ్యర్థాల్ని కరిగించే బ్యాక్టీరియా ఉండదు, అమ్మోనియా అనే విషం పేరుకుంటుంది. మూత మరిచిపోకండి, గొరామీలు ఎగురుతాయి.

అది బయట ఉన్నప్పుడు తొట్టి సర్దుబాటు చేయండి. గూడు తీసేయండి. రాళ్లు, కర్రలు, మొక్కలు ఉన్న చోటు నుంచి కదపండి, ఏదో ఒక రాయి జరిపి ఊరుకుంటే లాభం లేదు, తొట్టి కొత్తదిలా అనిపించాలి. ఫిల్టర్ నీరు పాత గూటి మూల వైపు కొద్దిగా తగిలేలా తిప్పండి. నీరు కదులుతుంటే బుడగలు నిలవవు. మరీ ధారగా వద్దు, గొరామీకి నెమ్మదైన నీళ్లే ఇష్టం. ఓ వారం తర్వాత, బంగారుది ధైర్యంగా తిరుగుతూ మేత తింటుంటే, లైట్లు ఆర్పాక నీలి దాన్ని వదలండి.

మళ్లీ మొదలుపెడితే? రెండూ మగవైతే మొదలుపెట్టే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఒకదానికి వేరే తొట్టి చూడక తప్పదు. చోట్లు మార్చడం వల్ల కొంత కాలం గడుస్తుంది, అంతే.

మరొకరు

అన్నా, చేపలు ఎక్కువ వేస్తే కోపం పంచుకుపోతుంది కదా, నేను చాలాచోట్ల విన్నాను. ఇంకో నాలుగు గొరామీలు వేయమనండి.

జవాబు

ఆ పద్ధతి నిజమే బ్రదర్, కానీ అది ఆఫ్రికా మలావీ సరస్సు సిక్లిడ్‌లనే పోట్లాటరకం చేపల తొట్లలో నడిచేది. అక్కడ కావాలనే ఇరుగ్గా పెడతారు, ఏ ఒక్కటీ స్థలం పట్టుకోలేదు, ఏ ఒక్కదాని మీదా దెబ్బలన్నీ పడవు. దానికి పెద్ద తొట్టి, బలమైన ఫిల్టర్, తరచూ నీళ్ల మార్పిడి ఉండాలి. 110 లీటర్లలో, 15 సెంటీమీటర్ల దాకా పెరిగే గొరామీలు ఇంకో నాలుగు వేస్తే నీళ్లు పాడవుతాయి, గొడవ పెరుగుతుంది. ఎవరి కోపమూ ఎవరికీ పంచుకుపోదు.

ఇంకొకరు

ఇదే వరసలో నాదీ ఒక ప్రశ్న. మా దాంట్లో మూడు టైగర్ బార్బ్‌లు ఏంజెల్ ఫిష్ రెక్కలు కొరికేస్తున్నాయి. వాటినీ ఇలా టబ్బులో పెట్టి మళ్లీ వదలాలా?

జవాబు

వద్దండి, మీది స్థలం గొడవ కాదు. టైగర్ బార్బ్ గుంపు చేప. కనీసం ఎనిమిది ఉంటే ఎవరు పెద్దో తేల్చుకోవడానికి వాటిలో అవే తరుముకుంటూ గడిపేస్తాయి. మూడే ఉంటే ఆ చురుకంతా పక్క చేపల మీదికి మళ్లుతుంది. తొట్టి పెద్దదైతే వాటి సంఖ్య పెంచండి. అయినా ఏంజెల్ ఫిష్ పక్కన మాత్రం ఉంచకండి. నెమ్మదిగా ఈదే చేప, పొడుగ్గా వేలాడే రెక్కలు, గుంపు ఎంత పెద్దదైనా ఆ ఆశ చావదు. గప్పీలు, ఫైటర్, గొరామి మీసాలు, అన్నింటికీ ఇదే గతి.

ఇంకొకరు

మా ఏంజెల్ ఒంటి పక్కన గుండ్రటి మచ్చలు. పగలు ఏ చేపా దాని జోలికి పోవడం లేదు. అద్దం పాచి తింటుందని వేసిన ఆల్గీ ఈటర్ ఒకటుంది, అదైతే సాధువు.

జవాబు

ఆ సాధువునే ముందు అనుమానించండి. చైనీస్ ఆల్గీ ఈటర్ చిన్నప్పుడు పాచి తింటుంది. పెద్దదయ్యే కొద్దీ పాచి మీద మోజు తగ్గి, ఏంజెల్, డిస్కస్ లాంటి బల్లపరుపు చేపల ఒంటికి అతుక్కుని జిగురు పొర పీల్చడం నేర్చుకుంటుంది. అది పాతిక సెంటీమీటర్ల దాకా పెరగగలదు. లైటు ఆర్పిన కాసేపటికి టార్చ్ వేసి చూడండి, దొరికిపోతుంది. దీనికి రాళ్లు మార్చడాలు, టబ్బులు ఏవీ పనికిరావు. ఆ తొట్టిలోంచి తీసేయడమే.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. రెండింటికీ వీపు రెక్క మొనదేలే ఉంది, అంటే రెండూ మగవే. నీలి దాన్ని టబ్బులోకి మార్చాను. బంగారుది సాయంత్రానికే బయటికొచ్చి మేత తింది. దాని తోకకి మందు వేయాలా? ఉప్పు వేయమని ఒకరన్నారు. తర్వాత నీలి దానికి తోడుగా ఆడ గొరామి తేవచ్చా?

జవాబు

తినడం మొదలుపెట్టింది కాబట్టి మందులేవీ వద్దు. మూడు నాలుగు రోజులకోసారి నాలుగోవంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ తీసిన నీళ్లే పోయండి. అమ్మోనియా, దానిలాగే వ్యర్థాల నుంచి వచ్చే నైట్రైట్, రెండూ సున్నా ఉన్నాయో లేదో టెస్ట్ కిట్‌తో చూడండి. రెక్క చీలిక శుభ్రమైన నీళ్లలో దానంతట అదే పూడుకుంటుంది. మీసం కూడా మొదలు దాకా తెగకపోతే పెరుగుతుంది. చిరిగిన అంచు రోజురోజుకీ లోపలికి తరిగిపోతున్నా, దూది లాంటి తెల్లటి పొర కనబడినా అప్పుడు వేరే టబ్బులోకి తీసి ఉప్పు వాడండి. లీటరుకి ఒక గ్రాము, ఏమీ కలపని మామూలు ఉప్పు, ముందే కరిగించి కొద్దికొద్దిగా పోయాలి. ప్రధాన తొట్టిలో మాత్రం వేయకండి, కోరీలకీ మొక్కలకీ పడదు.

రెండూ మగవని తేలింది కాబట్టి ఆ వారం ఆగడం కూడా ఎందుకంటాను నేను. ఒకదానికి ఇప్పుడే చోటు చూడండి. ఇంట్లో వాళ్లకి నీలి గొరామి మీద మోజుంటే బంగారుది కోలుకున్నాక తొట్టి ఉన్న వాళ్లకి ఇచ్చేయండి. చెరువులోనో కాలవలోనో మాత్రం వదలొద్దు. ఈ గొరామి ఆగ్నేయాసియాది, గాలి పీలుస్తుంది కాబట్టి మురికి నీళ్లలోనూ బతికేస్తుంది, అక్కడి చేపల తిండికి పోటీ వస్తుంది.

ఆడవాటి సంగతి: ఒక మగకి ఒకే ఆడ అయితే తరుములాట మొత్తం దాని మీదే పడుతుంది. రెండు మూడు ఆడవి ఉండాలి, అందుకు 110 లీటర్లు చాలవు. నీలి దాన్ని ఒంటరిగానే ఉంచండి, గొరామి గుంపు చేప కాదు, తోడు లేదని బెంగపడదు. తొట్టి ఖాళీగా అనిపిస్తే కోరీల గుంపు ఆరు దాకా పెంచండి, అవి తిరిగేది అడుగున, గొరామితో పేచీ రాదు. కొత్తవాటిని తేగానే కలపకుండా రెండు మూడు వారాలు ఆ టబ్బులోనే ఉంచి చూడండి, నీలి దాన్ని ఈలోగా తొట్టిలోకి మార్చేస్తారు కాబట్టి అది ఖాళీగానే ఉంటుంది.