సమస్యాపూరణం: "గుండె లేని యినుము గొల్లుమనెను" (ఫియర్ ఫ్యాక్టరీ 'ఆబ్సలీట్' విన్నవాళ్ళకి)

ఛందోలోహం:
అందరికీ నమస్కారం. ఈసారి సమస్య పురాణం మీద కాదు, రాజకీయం మీద కాదు, ఒక ఆల్బమ్ మీద. ఫియర్ ఫ్యాక్టరీ అనే అమెరికన్ మెటల్ బ్యాండ్ వాళ్ళు 1998 జూలైలో రోడ్‌రన్నర్ లేబుల్ నుంచి తెచ్చిన ఆబ్సలీట్. ఇండస్ట్రియల్ మెటల్‌లో సైన్స్ ఫిక్షన్ కథని మొదటినుంచి చివరిదాకా పట్టుకుని నడిచిన ఆల్బమ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. మనుషులు పనికిరాని పాత సరుకైపోయి యంత్రాలు ఏలే రోజులు, ఎడ్జ్‌క్రషర్ అనే తిరుగుబాటుదారు, వాణ్ణి వేటాడే స్మాషర్/డివౌరర్ అనే యంత్రం, ఊరంతటి మీదా కన్నేసి ఉంచే సెక్యూరిట్రాన్. బుక్‌లెట్‌లో పాటల మధ్య కథ కలిపి స్క్రీన్‌ప్లేలా అచ్చేశారు, దొరికితే అది చదువుతూ వినండి.

సమస్య ఇది, ఆటవెలది నాలుగో పాదం:

గుండె లేని యినుము గొల్లుమనెను

ఐదూ సూర్యగణాలే, యతి గు-గొ. మిగతా మూడు పాదాలు మీవి. ఒక్కటే కోరిక, "మెటల్ అంటే పెద్ద చప్పుడు" అనే మాట దగ్గరే ఆగిపోకండి, అది ఏ ఆల్బమ్ గురించైనా చెప్పొచ్చు. ఈ రికార్డ్‌లో మీ చెవికి ఏం తగిలిందో అది పద్యంలో వినపడాలి.

వాల్యూమ్‌పదకొండు:
నాది మొదటి పూరణ, ఆల్బమ్ నిన్న రాత్రే పూర్తిగా విన్నా, షాక్ పాటతో మొదలవ్వగానే కుర్చీలోంచి లేచి కూర్చున్నా.

ఫ్యాక్టరీల మోత పాటలో వినిపించె
చెవులు దద్దరిల్లి చెదరిపోయె
రోబొ యొకటి వచ్చి గిటారు మీటంగ
గుండె లేని యినుము గొల్లుమనెను

గణగుణ:
తమ్ముడూ, మొదటి రెండు పాదాలు శుభ్రంగా ఉన్నాయి, ఫ్యా-పా యతి కూడా చక్కగా కుదిరింది. మూడో పాదం దగ్గరే చిక్కు. "గిటారు" లఘువు గురువు లఘువు, అంటే జగణం, అది ఇంద్రగణం కాదు కాబట్టి అక్కడ ఇమడదు, పైగా రో-గి యతి కూడా చెల్లదు. "రోబొ యొకటి వచ్చి రోషాన మీటంగ" అంటే రెండూ ఒకేసారి సర్దుకుంటాయి.

ఛందోలోహం:
గణగుణ గారి సవరణే నా సవరణ కూడా. భావం మీద మాత్రం ఇంకో మాట. ఈ ఆల్బమ్‌లో రోబో వచ్చి మీటలేదు, మీటింది బ్యాండ్ గిటారిస్ట్ డీనో కాజారెస్ అనే మనిషి, అసలు సంగతంతా అక్కడే ఉంది. మళ్ళీ ఇంకో పద్యం రాయండి, ధార బాగుంది మీకు.

రిఫ్‌రాజా:
ఛందోలోహం గారు చెప్పిన ఆ పాయింటే పట్టుకుని రాశాను. డ్రమ్మర్ రేమండ్ హెరేరా డబుల్ బేస్ పెడల్ మీద రెండు కాళ్ళతో ఏ లెక్క ఆడతాడో సరిగ్గా అదే లెక్క కాజారెస్ కుడిచేయి ఏడు తీగల గిటార్ మీద మ్యూట్ చేసి కొడుతుంది, ఒక్కో పిక్ దెబ్బకి కింద ఒక్కో కిక్, రెండింటి మధ్య సందు ఉండదు.

మనిషి కాళ్ళు రెండు మరలౌచు పరుగెత్త
తీగలేడు వాటి తీరు నడువ
చెమట చుక్క రాలె, చెవికది వినిపించె
గుండె లేని యినుము గొల్లుమనెను

గణగుణ:
అబ్బ, భలే ఉందండీ. మరలౌచు సలము, పరుగెత్త సలము, చెవికది నలము, అన్నీ ఇంద్రగణాలే, ఎక్కడా వంక లేదు. "చెమట చుక్క రాలె" దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

ఛందోలోహం:
ఇదండీ నాకు కావలసింది. హెరేరా కిక్కులకి ట్రిగ్గర్ (దెబ్బ తగలగానే ముందే సిద్ధం చేసిన శబ్దాన్ని పలికించే పరికరం) పెట్టి వాడేవాడు, అంటే కాలు గట్టిగా తన్నినా మెల్లగా తన్నినా బయటికొచ్చే శబ్దం ఇంచుమించు ఒకటే, కాబట్టి బలంలో ఉండే మానవ తేడా అక్కడ చెరిగిపోతుంది, మిగిలేది టైమింగ్ ఒక్కటే, ఆ టైమింగ్‌ని కూడా మెషిన్ అంత బిగువుగా పట్టడానికి ఒక మనిషి ఒళ్ళు విరుచుకుంటున్నాడన్న సంగతి మనకి లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంటుంది. వేగం కంటే ఆ ప్రయాసే నన్ను కదిలిస్తుంది. మూడో పాదం ఆ ప్రయాసని ఒక్క చెమట చుక్కలో చూపించింది. యినుము ఎందుకు ఏడ్చింది అనే ప్రశ్నకి విడిగా సమాధానం చెప్పకుండానే చెప్పేసింది.

పాతక్యాసెట్:
నేను కొంచెం ఎదురు మాట్లాడతా, కోపగించుకోకండి. నాకు ఇదే బ్యాండ్ 1995లో తెచ్చిన డీమాన్యుఫాక్చర్ ముందు ఇది ఎప్పుడూ రెండో మెట్టే. అందులో ఒక్క క్షణం కూడా ఒదులు లేదు. ఇందులో ఎడ్జ్‌క్రషర్ పాటలో డీజే స్క్రాచ్‌లు, అప్పటి ఫ్యాషన్ గ్రూవ్‌లు చేరేసరికి ఆ పదును కొంత మొద్దుబారింది అనేది నా అభిప్రాయం, అప్పుడూ అదే అన్నా ఇప్పుడూ అదే అంటా.

తొంబదైదు నాటి తూటాల వడియేది
తొంబదెనిమిదందు తోడు రాదె
పదును తగ్గె ననుచు పాత బాకుల వోలె
గుండె లేని యినుము గొల్లుమనెను

గణగుణ:
తొం-తూ, తొం-తో, ప-పా, యతులన్నీ దిట్టంగా ఉన్నాయి. బాకే తన పదును పోయిందని ఏడవడం కొత్త ఊహ, సమస్యలోని విడ్డూరం సహజంగా విడిపోయింది.

ఛందోలోహం:
పద్యానికి పూర్తి మార్కులు, అభిప్రాయంతో మాత్రం నేను ఏకీభవించను. ఎడ్జ్‌క్రషర్‌లో క్రిస్టియన్ ఓల్డే వోల్బర్స్ నిలువు బేస్ వాయించాడు, చెక్క పెట్టె ఉన్న పెద్ద వాద్యం, ఆ మూలుగు స్క్రాచ్‌ల కింద నుంచి వస్తుంటే పాటలోని ఆ తిరుగుబాటు మనిషికి ఒక శరీరం ఉన్నట్టు అనిపిస్తుంది. ఇదే గ్రూవ్ లేకపోతే కథలో యంత్రాలు మాత్రమే మిగిలేవి, ఎదురు తిరిగే మనిషి ఎక్కడా వినపడేవాడు కాదు. డీమాన్యుఫాక్చర్ బిగువు గొప్పదే, కాదనను, కానీ కథ చెప్పడానికి కొంత ఒదులు కావాలి.

పాతక్యాసెట్:
ఆ బేస్ సంగతి ఒప్పుకుంటా, స్క్రాచ్‌ల సంగతి మాత్రం ఒప్పుకోను.

వినయవిపంచి:
నేను మెటల్ వినేదాన్ని కాదండీ, మా అబ్బాయి వింటాడు, వాడి కోసం కూర్చుని విన్నా. అరుపులు నాకు ఎక్కలేదు కానీ డిసెంట్ అనే పాటలో, తర్వాత రిజరెక్షన్‌లో, ఆ అరిచే మనిషే గొంతు తెరిచి మామూలుగా పాడతాడు చూడండి, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి, ఒక్కడే ఇద్దరిలా పాడుతున్నాడా అని మా వాణ్ణి అడిగితే అవునమ్మా ఒక్కడే, బర్టన్ సి. బెల్ అన్నాడు.

అరుపు లాగి గొంతు హాయిగ పాడంగ
కోరసందు మనిషి గోడు తెలిసె
ఉక్కు కరగినట్టు లొక్కింత కంపించె
గుండె లేని యినుము గొల్లుమనెను

గణగుణ:
అమ్మా, అ-హా యతి వాడడం బాగుంది, ఈ మధ్య చాలామంది అది చెల్లదనుకుంటున్నారు. కో-గో కూడా అంతే హాయిగా పడింది. "హాయిగ" మాట ఒక్కటి నాకు కొంచెం అడ్డం వచ్చింది, ఆ పాటలో గొంతు హాయిగా లేదు కదండీ, బాధగా ఉంది.

వినయవిపంచి:
బాధగానే ఉంది బాబూ, కానీ అంత అరుపు తర్వాత వినేవాళ్ళ ప్రాణానికి హాయే. అందుకే అలాగే ఉంచేస్తా.

ఛందోలోహం:
ఉంచండమ్మా, ఆ మాట వినేవాళ్ళ వైపు నుంచి వచ్చింది, తీసేస్తే పద్యం చల్లబడుతుంది. ఒక్క విషయం కలుపుతా. ఒకే పాటలో గర్జన, శుద్ధమైన గానం, రెండూ ఒకే గాయకుడు పాడటం ఇప్పుడు మెటల్‌లో సర్వసాధారణం అయిపోయింది గానీ, ఆ దారి వేసిన మొదటివాళ్ళలో బెల్ ఒకడు. ఈ ఆల్బమ్‌లో ఆ రెండు గొంతులకీ కథలో పని ఉంది, గర్జన యంత్రంతో పోరాడేటప్పుడు, గానం తనలో తాను ఉన్నప్పుడు. రీస్ ఫుల్బర్ కీబోర్డ్ పొరలు ఆ రెండింటినీ కలిపి పట్టుకుంటాయి, అవి తీసేసి ఊహించుకోండి, డిసెంట్ సగం కూలిపోతుంది.

కథకళ:
నేను కథ వైపు వెళ్ళాను.

పాతవడిన సరుకు వాడని నరునెట్టి
మరలు రాజ్యమేల మనిషి పోరె
ఓడిపోయె నతడు, ఓదార్చు వారేరి
గుండె లేని యినుము గొల్లుమనెను

గణగుణ:
పా-వా యతి చెల్లుతుంది, ఎవరూ అడగక ముందే చెప్తున్నా. మూడో పాదంలో "అతడు, ఓదార్చు" దగ్గర విసంధి (చేయాల్సిన సంధి చేయకపోవడం) ఉంది, కామా పెట్టినంత మాత్రాన ఉత్వసంధి ఆగదు. "ఓడె వాడు చివర నోదార్చు వారేరి" అని మారిస్తే గణాలూ నిలుస్తాయి, యతి ఓకారానికే ఉంటుంది.

కథకళ:
బాగుందండీ, అలాగే తీసుకుంటున్నా. "చివర" వచ్చి చేరడం వల్ల ఆల్బమ్ చివరికి వచ్చిన భావం కూడా కలిసింది.

ఛందోలోహం:
ఓదార్చడానికి మనిషన్నవాడు మిగల్లేదు కాబట్టి ఇనుమే ఏడ్చింది, అన్వయం ఎంత బిగువుగా ఉందో చూడండి. అయితే మొదటి పాదంలో "నరునెట్టి" దగ్గర నెట్టేది ఎవరో రెండో పాదం దాకా తెలియదు, చదివేవాళ్ళు ఒకసారి వెనక్కి వెళ్ళాలి. అది చిన్న లోపమే. ఆల్బమ్ పేరు వచ్చిన పాటలో ఇంగ్లండ్ గాయకుడు గ్యారీ న్యూమన్ ఉత్త మాటలుగా చదివే భాగం ఉంది కదా, ఏ ఎత్తుపల్లాలూ లేని ఆ చల్లటి గొంతు మనిషికి కాలం చెల్లిందన్న సంగతి ప్రకటిస్తుంటే, మీ మొదటి పాదం నాకు ఆ గొంతులోనే వినిపించింది.

బోనస్‌ట్రాక్:
న్యూమన్ పేరెత్తారు కాబట్టి, 1979 నాటి ఆయన పాట కార్స్‌ని ఈ బ్యాండ్ ఆయనతోనే కలిసి మళ్ళీ పాడి తర్వాతి ఎడిషన్‌లో పెట్టింది, చాలామంది ఆల్బమ్ దగ్గరికి ఆ పాట ద్వారానే వచ్చారు, నేనూ అంతే. అయినా నా సలహా, మొదటిసారి వినేటప్పుడు దాన్ని వదిలేయండి. ఆల్బమ్ చివరి పాట టైమ్‌లెస్‌నెస్ అయిపోయాక ఏ పాటా రాకూడదు. దాని మీదే నా పూరణ:

చివరి పాటలోన చిటికెడు రిఫు లేదు
తోడు లేదు, గొంతు తొణకె నొకటె
అంత సేపు కరచి యణగని లోహమ్మె
గుండె లేని యినుము గొల్లుమనెను

గణగుణ:
ఛందస్సు నిలిచింది. కానీ మూడో పాదంలో లోహం, నాలుగో పాదంలో యినుము, ఒకే వస్తువుని పక్కపక్కనే రెండుసార్లు చెప్పినట్టుంది, పునరుక్తి. సమస్యాపాదం అప్పటికే ఆ మాట ఇస్తోంది కాబట్టి మూడో పాదం దానికి చోటు చూపిస్తే చాలు.

ఛందోలోహం:
"అంత సేపు మండి యారిన కొలిమిలో" అంటే? అం-ఆ యతి ఉంది, కొలిమిలో నగము. ఆల్బమ్ అంతా మండి చివరికి ఆరిన కొలిమి, అందులో ఇనుము ఏడుపు.

బోనస్‌ట్రాక్:
తీసుకున్నా. ఇప్పుడు నాలుగో పాదం నాకే కొత్తగా వినిపిస్తోంది.

శూన్యసంకేతం:
అందరూ యినుము ఏడ్చిందనే రాస్తున్నారు, నేను ఏడవదని రాస్తా. 2012లో ఇదే బ్యాండ్ ది ఇండస్ట్రియలిస్ట్ అని తెచ్చింది, ఒక యంత్రానికి స్పృహ రావడం దాని కథ, డ్రమ్స్ మాత్రం మనిషి వాయించలేదు, ప్రోగ్రామ్ చేశారు. కథ ప్రకారం చూస్తే సరైన పనే, నిజంగా యంత్రమే దరువు వేస్తోంది కదా, మరి నాకెందుకు ఏమీ అనిపించలేదు?

మరయె దరువు వేయ మనసేల కరగును
లెక్క తప్పకుండ లేచి పడెను
అందులోన నెట్టు లనుకొందు నేనింక
"గుండె లేని యినుము గొల్లుమనెను"

గణగుణ:
సమస్యని ప్రశ్నలో పెట్టి తిప్పికొట్టడం అవధానాల్లో ఎప్పుడూ ఉన్న దారే, ఇక్కడ చక్కగా వాడారు. చివర "అని" లేకపోయినా అనుకొందు అన్న క్రియ ముందే వచ్చింది కాబట్టి అన్వయం తెగలేదు.

రిఫ్‌రాజా:
ఒక్క మాట అన్నా, ది ఇండస్ట్రియలిస్ట్‌లో గిటార్, గొంతు మనుషులవే కదా. డ్రమ్స్ ఒక్కటి మారినంత మాత్రాన మొత్తం చల్లారిపోతుందా?

శూన్యసంకేతం:
చల్లారింది నాకైతే. గిటార్ పక్కన నడిచేది మనిషి కాలు అయితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పరిగెడుతున్నట్టు ఉంటుంది, ప్రోగ్రామ్ చేసినప్పుడు గిటార్ ఒక్కటే పరిగెడుతుంది, పక్కది ఎప్పుడూ అలిసిపోదని మనకి ముందే తెలిసిపోతుంది.

ఛందోలోహం:
ఈ సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్న మాట మీ ఇద్దరూ చెరో వైపు నుంచి రాసేశారు. ఇనుము ఏడవాలంటే దాని పక్కన అలిసిపోగలిగే ప్రాణి ఒకటి ఉండాలి. అందుకే రిఫ్‌రాజా పూరణని మొదటిదిగా, దానికి జవాబుగా శూన్యసంకేతం పూరణని రెండోదిగా ఎంచుతున్నా, రెండూ కలిపి పక్కపక్కన చదవండి. వినయవిపంచి గారి "హాయిగ" నాకు వారం పాటు గుర్తుంటుంది. వాల్యూమ్‌పదకొండు, మీ రెండో పూరణ ఇంకా రావాలి.

వాల్యూమ్‌పదకొండు:
రాస్తున్నానండీ, ముందు డీమాన్యుఫాక్చర్ విని వస్తా, పాతక్యాసెట్ అన్న అంత గట్టిగా అంటుంటే వినకుండా ఉండలేను.

ఛందోలోహం:
వినండి, విన్నాక ఇక్కడే తేల్చుకుందాం. ఈలోగా తర్వాతి సమస్య ఇస్తున్నా, ఈసారి తేటగీతి, ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, యతి మూ-ము:

మూగ యంత్రము పాడగా మురిసె జగము