రోజంతా తెలుగు టైపింగ్ – చప్పుడు తక్కువగా ఉండి, ఏళ్ల తరబడి మన్నే కీబోర్డ్ ఏది?

ఓరుగల్లు టైపిస్టు:

నమస్కారం అందరికీ. హనుమకొండలో ఇంట్లోనే ఉండి ప్రచురణకర్తలకు పుస్తకాలు టైపు చేసిస్తాను. ఎక్కువగా పాత నవలలు, కథల సంపుటాలు, అప్పుడప్పుడు పరిశోధన గ్రంథాలు. అంతా యూనికోడే, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్, అంటే ఏ కీ మీద ఏ తెలుగు అక్షరమో చెప్పే ఒక అమరిక. పగలు ఇంటి పని పోను మిగిలిన టైమంతా దీని ముందే. రాత్రి పిల్లలు పడుకున్నాక మళ్లీ కూర్చుంటాను.

ఇప్పుడు వాడుతున్నది కంప్యూటర్‌తో పాటు వచ్చిన మామూలు మెంబ్రేన్ కీబోర్డ్. అన్నిటికంటే ముందు ‘డి’ కీ పాడైంది. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకు చెప్పక్కర్లేదు, పొల్లు అక్కడే ఉంటుంది. ఒత్తు రావాలంటే ముందు పొల్లు కొట్టాలి. షిఫ్ట్ పట్టుకుంటే ‘అ’ కూడా అక్కడే. ‘అమ్మ’ అని కొడితే ఆ కీ రెండుసార్లు దిగాలి, ‘స్వాతంత్ర్యం’ అంటే మూడుసార్లు. ఇప్పుడది సరిగ్గా నడిమధ్యలో నొక్కితేనే పడుతోంది. వేలు ఓ మూలకు తగిలితే కిందికి వెళ్తుంది కానీ అక్షరం పడదు. ‘అక్క’ కాస్తా ‘అకక’ అవుతుంది. మూడొందల పేజీల పుస్తకంలో ఇలాంటివి ఏరుకుంటూ కూర్చోవాలంటే ప్రూఫ్ చూసే పని రెట్టింపవుతోంది. పుస్తకం మీద గౌరవంతో చేసే పని ఇది. తప్పుతో పంపడానికి మనసొప్పదు.

ఎడమచేతి నడిమివేలి కొస సాయంత్రానికి మంట పుడుతోంది, మణికట్టు కూడా లాగుతోంది. అందరూ టీవీఎస్ గోల్డ్ కీబోర్డ్ కొనమంటున్నారు. మా ఇల్లు చిన్నది, పిల్లలు పక్క గదిలోనే పడుకుంటారు. దాని చప్పుడుకు లేవరు కదా? ఐదు వేల వరకు పెట్టగలను. నంబర్ ప్యాడ్ పెద్దగా వాడను. రోజూ టైపు చేసేవాళ్లు దయచేసి చెప్పండి.

గవర్నర్‌పేట డీటీపీ:

మేడం, విజయవాడలో మాది డీటీపీ సెంటరు. పెళ్లి శుభలేఖల నుంచి పాఠ్యపుస్తకాల దాకా చేస్తాం. టీవీఎస్ గోల్డ్ గురించి మీకు చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు. మా సెంటర్లో పాత గోల్డ్ ఇప్పటికీ పని చేస్తోంది. అది మెకానికల్ కీబోర్డ్, అందులో ప్రతి కీ కింద ఉన్నవి చెర్రీ కంపెనీ బ్లూ రకం స్విచ్‌లు. అయితే అది పది మంది మాట్లాడుకునే షాపులో బావుంటుంది. కీ దిగిన ప్రతిసారీ ‘టిక్’ మని మోగుతుంది, ఆ మోత స్విచ్‌లోనే ఉంటుంది కాబట్టి ఎంత మెల్లగా కొట్టినా తగ్గదు. రాత్రి పూట, పక్క గదిలో పిల్లలంటే బ్లూ జోలికి పోవద్దు.

అసలు తేడా ఎక్కడుందో చెప్తాను. మెంబ్రేన్‌లో కీ కింద రబ్బరు బుడిపె ఉంటుంది. అది పూర్తిగా అణిగి అడుగు తగిలితే తప్ప అక్షరం పడదు. అంటే కొట్టిన ప్రతిసారీ వేలు కింద పలకను గుద్దుకుంటుంది. మీ వేలి కొస మంటకు అదొక కారణం కావచ్చు. రబ్బరు అలిసిపోయాక పక్కకు వంగుతుంది, మీరన్న ‘మూలకు తగిలితే పడట్లేదు’ సరిగ్గా అదే. మెకానికల్‌లో ప్రతి కీకీ సొంత స్ప్రింగు, సొంత కాంటాక్టు ఉంటాయి, స్విచ్ అంటే అదే. చెర్రీ ఎంఎక్స్ రకాల్లో కీ మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు, అక్షరం పడేది సుమారు 2 దగ్గర. సగంలోనే పని అయిపోతుంది, అడుగు దాకా గుద్దక్కర్లేదు. ఈ అలవాటు వచ్చేదాకా కొంచెం ఓపిక పట్టాలి, చెయ్యి పాత బరువుతోనే కొడుతుంది.

మీకు బ్రౌన్ స్విచ్ నప్పుతుంది. సగంలో చిన్న గతుకు లాంటిది వేలికి తెలుస్తుంది, కానీ ‘టిక్’ ఉండదు. రెడ్‌లో ఆ గతుకు కూడా ఉండదు, నున్నగా దిగిపోతుంది. ఒత్తులు ఎక్కువ కొట్టే మన భాషకు అక్షరం పడిందని వేలికి తెలియడం ముఖ్యమని నా అనుభవం. మా దగ్గర ఒక అమ్మాయి మాత్రం రెడ్ తప్ప ముట్టదు, కాబట్టి ఇది ఎవరి చేతిని బట్టి వాళ్లకు.

ఇంకోటి. కీ మీది ప్లాస్టిక్ పీబీటీ అని రాసి ఉందో లేదో చూడండి. ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ అయితే త్వరగా జిడ్డు పట్టినట్టు మెరుస్తుంది. మా విజయవాడ ఎండాకాలంలో చెమట వేళ్లకు అది జారుతుంది కూడా.

స్విచ్ మార్పిడి:

అక్కా, హైదరాబాద్ నుంచి. పైన అన్న చెప్పినదానితో ఏకీభవిస్తాను, ఒక్కటి కలుపుతాను. ఏ స్విచ్ తీసుకున్నా మీ పనిలో ‘డి’ మిగతావాటికంటే ముందు అరుగుతుంది. ఒక్క కీ కోసం కీబోర్డ్ మొత్తం పారేయకూడదంటే హాట్‌స్వాప్ ఉన్నది తీసుకోండి. అందులో స్విచ్‌లు టంకం వేసి ఉండవు. పెట్టెలో వచ్చే చిన్న చిమటాతో స్విచ్‌ను పైకి లాగేసి కొత్తది గుచ్చడమే. గుచ్చేటప్పుడు కింద ఉన్న రెండు రాగి కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోండి. వంకరగా ఉండి బలంగా నొక్కితే మడత పడతాయి, అప్పుడు ఆ కీ పనిచేయదు.

స్విచ్ ముసలిదైతే వచ్చే జబ్బు మెంబ్రేన్ జబ్బుకు తిరగబడ్డది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. పొల్లు రెండుసార్లు పడితే చాలా ఫాంట్లలో చుక్కల వలయం కనిపిస్తుంది. అలా మొదటిసారి కనిపించిన రోజే ఆ స్విచ్ మార్చేయండి.

నంబర్ ప్యాడ్ వాడనంటున్నారు కాబట్టి 87 కీలది, టీకేఎల్ అంటారు, అది తీసుకోండి. మౌస్ దగ్గరికొస్తుంది, కుడి భుజం బయటికి చాపే పని తగ్గుతుంది. వైర్‌లెస్ వద్దు, యూఎస్‌బీ వైరుదే చాలు. ఛార్జింగ్ గొడవ ఉండదు, పైగా ఆ డబ్బు మంచి స్విచ్‌లకు పోతుంది. రంగుల లైట్లకు డబ్బు పెట్టొద్దు. వీలుంటే ఒకసారి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి రండి. బయట పెట్టిన కీబోర్డులు నొక్కి చూడనిస్తారు. ఊరికే నాలుగు అక్షరాలు కాదు, మీరు రోజూ కొట్టే ఒక పేరా మొత్తం కొట్టి చూడండి.

రిటైర్డ్ స్టెనో:

అమ్మా, నేను కోర్టులో తెలుగు టైపు మిషన్ మీద మొదలుపెట్టి కంప్యూటర్ దాకా వచ్చినవాణ్ణి. నాది కొంచెం వేరే మాట. ఖరీదైన స్విచ్ కంటే ముందు మీ బల్ల ఎత్తు చూసుకోండి. డైనింగ్ టేబుల్ మీద పెట్టి కొడుతున్నారా? మన ఇళ్లలో చాలామంది అలాగే చేస్తారు. అన్నం తినే బల్ల టైపింగ్‌కు ఎత్తెక్కువ. భుజాలు పైకి లేస్తాయి, మణికట్టు వెనక్కి విరుగుతుంది. మోచేయి, మణికట్టు, వేళ్ల మొదళ్లు ఒకే వరసలో ఉండాలి. బల్ల తగ్గించలేకపోతే కుర్చీ మీద దిండు వేసి మీరు పైకి లేవండి, పాదాల కింద పీట పెట్టుకోండి.

కీబోర్డ్ వెనక రెండు మడత కాళ్లుంటాయి. చాలామంది కొన్నరోజే వాటిని లేపుతారు. లేపకండి. అవి మణికట్టును ఇంకా పైకి వంచుతాయి. మెకానికల్ కీబోర్డ్ మందం ఎక్కువ కాబట్టి ముందు ఒక అరచేతి మెత్త ఉంటే మంచిది. టైపు చేస్తున్నంతసేపు దాని మీద మణికట్టు నొక్కి పెట్టకూడదు, ఆగినప్పుడు ఆనించడానికే అది.

మా కాలంలో మిషన్ మీద గట్టిగా కొడితేనే అక్షరం పడేది. ఆ బలం అలవాటైపోయి, కంప్యూటర్ వచ్చాక కూడా చాలామంది అలాగే బాదేవాళ్లు. ఏ కీబోర్డ్ అయినా తేలిగ్గా కొట్టేవాళ్ల దగ్గర ఎక్కువ కాలం ఉంటుంది, చేతులూ బావుంటాయి. ఇన్నీ సరిచూసుకుంటే మామూలు మెంబ్రేన్ కొని, పాడైనప్పుడల్లా మార్చుకున్నా నష్టం లేదని నా అభిప్రాయం.

ఫిజియో:

పెద్దాయన చెప్పిన బల్ల ఎత్తు మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఒక్క విషయమే చెప్తాను. మంట, లాగడం వరకైతే పైవన్నీ పనికొస్తాయి. కానీ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే, ముఖ్యంగా రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి దులుపుకోవాల్సి వస్తుంటే, అది మణికట్టు దగ్గర నరం నలుగుతున్న లక్షణం కావచ్చు. అప్పుడు కీబోర్డ్ మార్చి ఊరుకోకండి, ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించండి. మధ్యమధ్య లేచి చేతులు వేలాడదీసి రెండు నిమిషాలు నడవండి. ఒక అధ్యాయం అయ్యేదాకా లేవను అని కూర్చోవద్దు.

ఓరుగల్లు టైపిస్టు:

అందరికీ ధన్యవాదాలు. తిమ్మిరి అయితే లేదు డాక్టరు గారూ, మంట, లాగడమే. నిజంగానే డైనింగ్ టేబుల్ మీదే కొడుతున్నాను, పెద్దాయన చూసినట్టే చెప్పారు. కుర్చీ మీద దిండు వేశాను, కాళ్ల కింద పీట పెట్టాను. భుజాలకు అప్పుడే తేడా తెలుస్తోంది. కానీ మెంబ్రేన్ మళ్లీ కొనను సార్, మన్నించండి. ‘డి’ కీ పాడవడం మొదలైనప్పుడు తెలియదు, తెలిసేలోపు ఎన్నో పేజీల్లో ఒత్తులు పోయి ఉంటాయి. అది నేను భరించలేను.

హాట్‌స్వాప్, టీకేఎల్, బ్రౌన్, వైరుది అని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం. విడి స్విచ్‌లు ఒకటి రెండు అమ్ముతారా, మొత్తం సెట్టే కొనాలా? రాత్రి చప్పుడు ఇంకా తగ్గించే మార్గం ఏదైనా ఉందా?

స్విచ్ మార్పిడి:

చాలా చోట్ల పదేసి చొప్పున అమ్ముతారక్కా. అసలు వెంటనే కొనక్కర్లేదు కూడా. టీకేఎల్‌లో పైన కుడివైపు స్క్రోల్ లాక్, పాజ్ అని రెండు కీలుంటాయి, మీరు వాటిని ముట్టనే ముట్టరు. వాటి కింద ఉన్నవీ అవే బ్రౌన్ స్విచ్‌లు, కొత్తవాటిలా ఉంటాయి. ‘డి’ తేడా చేసిన రోజు పాజ్ కింది స్విచ్ తీసి అక్కడ పెట్టండి. దాని తర్వాత స్క్రోల్ లాక్ ఉంది. చప్పుడుకు, కీబోర్డ్ కింద మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేసి పరవండి. మోతలో కొంత బల్ల నుంచే వస్తుంది. కీబోర్డ్ కొంచెం ఎత్తు పెరుగుతుంది కాబట్టి కుర్చీ దిండు కూడా ఆ మేరకు చూసుకోండి.